సింహం అన్నం తినడం లేదు

"భానుగుడి జంక్షన్లో, అంత ఫ్లెక్సీ మీద, కుక్క పక్కన కోడలి ఫోటోనా? చూసినవాళ్ళు ఏవనుకుంటారు?" అంది మహలక్ష్మమ్మ మళ్ళీ.

"ఇద్దరిలో ట్రైనర్ ఎవరో తెలీక తికమకపడతారు నాయనమ్మా," అంది ప్రణవి, చట్నీలో వేలు ముంచి నాకుతూ.

"నోర్ముయ్యవే. ఎంగిలి చేసి పెట్టావ్ చట్నీ అంతా."

"అది కాదమ్మా!" ఫణీంద్ర గొంతుకి గూట్లో గ్లాసులు కూడా మోగాయి. ఎరువుల ఫ్యాక్టరీలో మెషీన్ల పక్కన ఏళ్ళ తరబడి సూపర్‌వైజరుగా అరిచి అరిచి, ఉద్యోగం వదిలేసినా అరుపు అతన్ని వదల్లేదు. కుశల ప్రశ్న వేసినా దెబ్బలాడుతున్నట్టే ఉంటుంది. "రాష్ట్రంలోకెల్లా మంచి ట్రైనరని హెడ్డాఫీసు వాళ్ళే అన్నారు. ఫ్లెక్సీ వాళ్ళే వేయిస్తారట. పట్టుచీరలో ఉన్న ఫోటో ఇద్దాం."

"పట్టుచీర కట్టుకుని కుక్కలకి పాఠాలు చెబుతుందా అమ్మ? చుడీదార్‌ది ఇవ్వండి."

"చుడీదార్‌ది అసలొద్దు," అంది మహలక్ష్మమ్మ. అంటే చీరదైతే ఫరవాలేదన్న మాట. వాదన అక్కడిదాకా వచ్చింది.

హైమవతి పెసరట్టు తిరగేసింది. కాఫీల దగ్గర మొదలైన ఈ గొడవలో, అసలు ఫోటో వేయించుకోవడం నీకిష్టమేనా అని ఆమెని ఎవరూ అడగలేదు. అడగలేదన్న సంగతి ఆమెకీ తట్టలేదు. అల్లం ముక్కలు పెనానికి అంటుకుంటున్నాయి. మంట తగ్గించింది.

'విధేయ డాగ్ స్కూల్' ఫ్రాంచైజీని కాకినాడలో తీసుకున్నది ఫణీంద్రే. పూణే నుంచి బోర్డు, చొక్కాలు, ఒక పెట్టె నిండా జోడీ పట్టీలు వచ్చాయి. జోడీలో ఒకటి మనిషి మణికట్టుకి, ఒకటి కుక్క మెడకి. గేటు తీసుకుని ఎవరో కొత్తవాళ్ళు వస్తారు, రోడ్డు మీద లారీ హారన్ కొడుతుంది. అప్పుడు మనిషి గుండె ఎలా కొట్టుకుందో, ఒళ్ళు ఎంత బిగిసిందో పట్టీ కనిపెట్టి కుక్క ఒంట్లో కూడా అదే జరిగేట్టు చేస్తుంది. కొన్నాళ్ళకి పట్టీ తీసేసినా కుక్కకి అదే అలవాటైపోతుంది. లే, కూర్చో అని నేర్పే పని లేదు. మనిషి నిబ్బరంగా ఉంటే చాలు. పట్టీ మీద చిన్న దీపం పచ్చగా వెలుగుతుంటే నిబ్బరంగా ఉన్నట్టు, ఎర్రబడితే లేనట్టు.

ప్రారంభోత్సవం రోజు పట్టీ ఫణీంద్రే కట్టుకున్నాడు. స్కూలు షెడ్డు ముందు ఎవడో ఆటోవాలా అడ్డంగా ఆపి హారన్ కొట్టాడు. ఫణీంద్ర నోరు తెరవనే లేదు. దీపం ఎర్రబడింది, పక్కనున్న జర్మన్ షెపర్డ్ ఒక్క గెంతులో వెళ్ళి ఆటో సీటు చీల్చేసింది. వచ్చిన పెద్దమనుషులు బల్లలెక్కారు.

ఆ గొడవలో క్యారేజీ తీసుకొచ్చిన హైమవతి చేతికి, ఏం చెయ్యాలో తోచక, ప్రణవి పట్టీ కట్టింది. దీపం పచ్చబడింది. ఆటోవాలా బూతులు తిడుతున్నా, ఫణీంద్ర అంతకంటే గట్టిగా తిడుతున్నా అది పచ్చగానే ఉంది. షెపర్డ్ వచ్చి హైమవతి కాళ్ళ దగ్గర పడుకుంది.

'ఇంట్లో అందరికంటే శాంతంగా ఉండే మనిషి పట్టీ కట్టుకోవాలి' అని కంపెనీ వాళ్ళు ముందే చెప్పారు. ఇంట్లో ఆ మనిషి ఎవరో ఎవరూ ఆలోచించుకోనక్కర్లేకపోయింది. ఆ రోజునుంచీ వచ్చిన ప్రతి కుక్కకీ హైమవతే జోడీ. రోజంతా కట్టుకునే ఉండాలి గనక కుక్కల్ని ఇంటికి కూడా తెచ్చేది. ఆమె వంట చేస్తుంటే అవి చాప మీద పడుకుని చూస్తుండేవి.

అపార్ట్‌మెంట్ల వాళ్ళు వరస కట్టారు. హైమగారి దగ్గర నేర్చిన కుక్క మొరగదు, మీదపడదు, దేనికీ గోల చెయ్యదు. ఇప్పుడు పూణే వాళ్ళకి ఇంకో ఆలోచన వచ్చింది. హైమవతి శాంతాన్ని ఒకసారి పూర్తిగా రికార్డు చేసుకుంటే, దేశంలో అన్ని కేంద్రాల పట్టీల్లోకీ అదే ఎక్కించవచ్చు. దానికి 'మూలం' అని పేరు పెట్టారు. సంతకం కోసం రీజనల్ మేనేజరు శ్రీకర్ ఆదివారం సాయంత్రం వస్తున్నాడు.

పెసరట్లు ఇంకా అవుతుండగానే గేటు చప్పుడైంది.

"హైమగారూ, మా సింహం అన్నం తినడం లేదండీ."

వచ్చింది పోస్టాఫీసులో పనిచేసే నాగరత్నం. సింహం ఆవిడ లాబ్రడార్. వేసవిలో శిక్షణకి వచ్చినప్పుడు పీపాలాగా ఉండేది. ఇప్పుడు పక్కటెముకలు బయటికొచ్చి, మెడపట్టీ వదులై వేలాడుతోంది.

"డాక్టరుగారు రక్తం, స్కానింగు అన్నీ చూశారండీ. జబ్బేం లేదన్నారు. ఇలాగే ఉంటే మాత్రం బతకదన్నారు. గిన్నె పెడితే వాసన చూస్తుంది, సొంగ కారుస్తుంది. ముట్టదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆకలి లేక కాదండీ. దానికి ఆకలేస్తోందండీ, నాకు తెలుస్తోంది." నాగరత్నం కళ్ళు తుడుచుకుంది.

"ఎప్పట్నుంచి?"

"మా చరణ్ విజయవాడ హాస్టల్‌కి వెళ్ళిన దగ్గర్నుంచి. బెంగ అనుకున్నాం. వాడు వీడియో కాల్ చేస్తే తోక ఊపుతుంది, ఆడుతుంది. అన్నం దగ్గరే వస్తుంది తంటా."

"ట్రైనింగ్‌లో లోపం ఏం లేదండీ!" అంటూ ఫణీంద్ర బయటికొచ్చాడు. సింహం లేచి, చప్పుడు కాకుండా నాగరత్నం వెనక్కి వెళ్ళి నిలబడింది.

"ఇక్కడ వదిలి వెళ్ళండి," అంది హైమవతి. "నేను చూస్తాను."

ఆ మధ్యాహ్నం ఫణీంద్ర షెడ్డు నుంచి భోజనానికి రావడం ఆలస్యమైంది. మహలక్ష్మమ్మ, ప్రణవి కూర్చున్నారు. హైమవతి వాళ్ళకి వడ్డించి, సింహానికి పెరుగన్నం కలిపి పెట్టింది. అది వాసన చూసింది. గుమ్మం వైపు తిరిగి కూర్చుంది.

సందు మలుపులో స్కూటర్ చప్పుడైంది. హైమవతి లేచి ఫణీంద్ర కుర్చీలో ఉన్న పేపరు మడిచి బల్ల మీద పెట్టింది, టీవీ గొంతు తగ్గించింది, వంటింట్లోకి వెళ్ళింది. ప్రణవి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సింహం కూడా లేచింది. తల దించుకుని, గోడవారగా నడుచుకుంటూ వెళ్ళి వంటింటి తలుపు వెనక నిలబడింది.

ఫణీంద్ర వచ్చాడు, తిన్నాడు, పులుసులో ఉప్పు సంగతి అన్నాడు, లేచాడు. అందరి కంచాలూ లేచాక హైమవతి పీట మీద కూర్చుని, గిన్నెల్లో మిగిలింది తన కంచంలోకి ఊడ్చుకుంది. సింహం తలుపు వెనకనుంచి వచ్చింది. గిన్నె దగ్గరికి వెళ్ళి ఆబగా తినడం మొదలుపెట్టింది.

"తింటోందే! తింటోందే నా తల్లి!" అంది మహలక్ష్మమ్మ.

ప్రణవి తండ్రిని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. "నాన్నా, స్కూటర్ తాళం ఇవ్వండి. నేను వీధి చివరిదాకా వెళ్ళి వస్తాను. మీరు ఈ కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూడండి. మాట్లాడకండి."

"ఎందుకూ?"

"ఒక్కసారి నా మాట వినండి."

ఫణీంద్ర కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల హైమవతి, ఏదో జోకుకి కాబోలు, టీవీ వైపు చూసి నవ్వుతోంది. కాళ్ళు చాపుకుని కూర్చుంది. సింహం ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. వీధి చివర స్కూటర్ తిరిగింది. హైమవతి నవ్వు ఆగింది. కాళ్ళు ముడుచుకుంది. రిమోట్ అందుకుంది, లేచింది. సింహం లేచింది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వంటింట్లోకి వెళ్ళారు.

లోపలికి వచ్చి అతను కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"నేనెప్పుడైనా నీ మీద చెయ్యి చేసుకున్నానా?" నెమ్మదిగా అడుగుదామనుకున్నాడు. గొంతు మామూలుగానే వచ్చింది.

"లేదండీ. అవేం మాటలు?"

"మరి?"

హైమవతికి ఏం అడుగుతున్నాడో అర్థం కాలేదు. ప్రణవి చెప్పింది. విని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచించింది. "ఏమోనండీ. రాగానే ఏదో ఒకటి అంటారు కదా. అనకముందే సర్దేస్తే ఓ పనైపోతుందని. భయమా అంటే... అనుకోలేదెప్పుడూ."

"అన్నం?"

"అందరూ తిన్నాకే కదండీ తినేది. అత్తయ్యగారూ అంతే కదా, నేనొచ్చేదాకా."

"అందుకే సింహం చరణ్ కోసం కూర్చుంది," అంది ప్రణవి. "వాళ్ళింట్లో వాడొక్కడూ ఇంకా తినలేదని దాని లెక్క. వాడు తింటేగానీ అది తినదు. ఆకల్ని పక్కన పెట్టడం నీ దగ్గరే నేర్చుకుందమ్మా."

"దీపం పచ్చగానే ఉండేదిగా?" అంది హైమవతి.

"నాన్న స్కూటర్ వినిపించినప్పుడల్లా ఓ క్షణం ఆరి వెలిగేది. ఛార్జింగ్ తగ్గిందేమో అనుకున్నాం," అంది ప్రణవి. "మిగతా టైమంతా పచ్చే. అలవాటైపోయిన దానికి గుండె ఎందుకు కొట్టుకుంటుంది?"

ఫణీంద్ర నమ్మలేదు. నమ్మకూడదనుకున్నాడు. హైమవతిని స్కూటర్ మీద కూర్చోబెట్టుకుని రామారావుపేటలో ఇల్లిల్లూ తిరిగాడు. మొదటి ఇంట్లో, "బాగున్నారాండీ!" అన్న అతని పలకరింపుకి హాల్లో ఉన్న కుక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. రెండో ఇంట్లోదీ అంతే. ఇంకో ఇంట్లో పొమేరేనియన్‌ని ఎత్తుకుని ఇంటావిడ సంబరంగా చెప్పింది.

"చాలా బుద్ధిమంతురాలండీ ఇది. మా ఆయన గొంతు పెంచితే చాలు, మంచం కిందకి దూరిపోతుంది. నేనూ అదీ ఒకేసారి..." నవ్వబోయి ఆగింది. హైమవతి మొహం వైపు చూసింది. "మజ్జిగ తాగుతారా?" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఫణీంద్ర స్కూటర్ని సందు మలుపులోనే ఆపేశాడు. అక్కణ్ణుంచి తోసుకుంటూ వచ్చాడు. హైమవతి పక్కన నడిచింది.

"ఊళ్ళో ఇన్ని కుక్కలకి నేనంటే..." అన్నాడు. హైమవతికి అతన్ని చూస్తే జాలేసింది. ఏమైనా అందామనుకుంది. ఏం అన్నా అది అబద్ధమే అవుతుందనిపించి ఊరుకుంది.

శ్రీకర్‌కి ఫోన్ చేస్తే అతను తేలిగ్గా తీసుకున్నాడు. "మేడమ్, కంప్లెయింట్ ఎక్కడుంది ఇందులో? మొరగని కుక్కే కదా జనానికి కావాల్సింది. తిండి సంగతికి డ్రాప్స్ పంపిస్తాం. రికార్డింగ్ అయిపోతే మీరసలు కష్టపడక్కర్లేదు. అన్ని ఊళ్ళలోనూ మీ శాంతమే ఉంటుంది."

అన్ని ఊళ్ళలోనూ. ఫోన్ పెట్టేశాక హైమవతి ఆ మాటే తలుచుకుంది. కుర్చీ మీద పేపరు మడుస్తూ ఎన్ని వేల కుక్కలు!

సింహాన్ని బాగుచేసే దారి ఒక్కటే కనిపించింది. ఎక్కించిన పద్ధతిలోనే తీసెయ్యాలి. హైమవతి పట్టీ కట్టుకుని, ఇంట్లో అందరికంటే ముందు, వేడివేడిగా, నిశ్చింతగా తినాలి. పట్టీని మాత్రం మోసం చెయ్యలేరు.

"ఇంతేనా," అంది హైమవతి.

శనివారం వంట కాగానే పీట వాల్చి కూర్చుంది. సింహం ఎదురుగా గిన్నెతో. ఫణీంద్ర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె పప్పన్నం కలిపి ముద్ద ఎత్తింది. దీపం ఎర్రబడింది. ముద్ద గొంతులో అడ్డం పడింది.

"నీళ్ళు తాగు!" అన్నాడు ఫణీంద్ర. దీపం ఇంకా ఎర్రబడింది. సింహం గిన్నెకి దూరంగా జరిగింది.

అతను పెరట్లోకి వెళ్ళిపోయాడు. దీపం నారింజ రంగుకి వచ్చి ఆగింది. ప్రణవి కూడా వెళ్ళిపోయింది. అలాగే ఉంది. ఎవరూ లేకపోయినా ఎవరో ఆకలితో ఉన్నట్టే ఉంది హైమవతికి. ముద్ద కంచంలో పెట్టేసి, గుమ్మంలోకి వచ్చిన అత్తగారితో, "నా వల్ల కావట్లేదు అత్తయ్యా," అంది. పెళ్ళైన కొత్తలో ఏడ్చిందేమో గానీ, ఆ తర్వాత అన్నం దగ్గర ఆమె ఏడవడం మహలక్ష్మమ్మ చూడలేదు.

సింహం కాళ్ళు వణుకుతున్నాయి. నిన్న హైమవతితో పాటు తిన్న ఆ నాలుగు ముద్దలే దానికి ఆధారం. రేపు నాగరత్నం ఇంటికి వెళ్తే అవీ ఉండవు.

మహలక్ష్మమ్మ కాసేపు కోడల్ని చూసింది. కాసేపు కుక్కని చూసింది. ఇంకో పీట లాక్కుని ఆమె పక్కనే చతికిలబడింది.

"ఒరేయ్ ఫణీ! రా ఇలా. నాకూ వడ్డించు."

"నేనా?"

"మీ నాన్నని పిలవనా పైనుంచి? రా."

ఫణీంద్ర గరిట పట్టుకోవడం ఇంట్లో ఎవరూ ఎరగరు. తల్లి కంచంలో ముందు చారు పోశాడు, దాని మీద అన్నం వేశాడు, వేపుడు తెచ్చి చారులో వేశాడు.

"ఇదేం వడ్డన్రా, కుడితిలాగా?" అంది మహలక్ష్మమ్మ. "నెయ్యేది?"

"ఎక్కడుంటుంది?"

"చూశావా అమ్మాయ్, పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తింటున్నాడు, నెయ్యెక్కడుంటుందో తెలీదు. మా అత్తగారైతే నెయ్యి తాళం వేసి పెట్టేది. ఆవిడ పోయాక తాళం నా చేతికొచ్చింది. అయినా వేడన్నంలో నెయ్యేసుకు తినడం నాకెప్పుడూ చేతకాలేదు. ఆవిడెక్కణ్ణుంచో చూస్తున్నట్టే ఉండేది. చూస్తే చూడనీ. నువ్వూ వేసుకో."

ఫణీంద్ర నెయ్యి అనుకుని ఆముదం సీసా తెచ్చాడు. మహలక్ష్మమ్మ మూత తీసి వాసన చూసి, కొడుకు మొహం కేసి చూసి, "ఏరా, విరోచనాలకా?" అంది.

హైమవతికి నవ్వాగలేదు. పొలమారింది. అత్తగారు నెత్తి మీద తట్టింది. తట్టించుకుంటూనే ముద్ద మింగింది, మళ్ళీ కలిపింది. అన్నం వేడికి వేళ్ళు కాలుతున్నాయి. ఇంత వేడన్నం తిని ఎంతకాలమైందో అనుకుంది. అత్తగారు ఆవిడ అత్తగారి కథ చెబుతూనే ఉంది. దీపం ఎప్పుడు పచ్చబడిందో ఎవరూ చూడలేదు.

చప్పుడు విని తిరిగారు. సింహం గిన్నెలో మూతి పెట్టి తింటోంది. ఇంట్లో ఫణీంద్ర తినలేదు, ప్రణవి తినలేదు, విజయవాడలో చరణ్ తిన్నాడో లేదో తెలీదు. అది మాత్రం తింటోంది.

ఆ కంగారులో ఫణీంద్ర చేతిలో చారు గిన్నె జారింది. కాళ్ళ మీద పడింది.

"ఛీ! ఈ గిన్నె ఇలా అంచుదాకా నింపిందెవరు!" అని అరిచాడు. వెనకటి అరుపే, ఫ్యాక్టరీ అరుపే.

హైమవతి చెయ్యి ఆగలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంది. సింహం గిన్నెలోంచి తలెత్తింది, ఫణీంద్ర మొహంలోకి చూసింది, భౌమని మొరిగింది. గూట్లో గ్లాసులు మోగాయి.

వరండాలోంచి ప్రణవి పరిగెత్తుకొచ్చింది. ఫణీంద్ర చారులో నిలబడి అలాగే ఉండిపోయాడు. కోపమేమో అనుకున్నారు. "మొరిగింది," అన్నాడు. గొంతు ఇంత చిన్నగా కూడా వస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. "నన్ను చూసి మొరిగింది హైమా." మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు. సింహం ఆలోచించి, వచ్చి, ఆ చేతికున్న చారు నాకింది.

"కాళ్ళు కాలాయా?" అంది హైమవతి, కూర్చున్న చోటునుంచే.

"లేదు లేదు, నువ్వు తిను."

ఆదివారం ఉదయం నాగరత్నం వచ్చేసరికి సింహం ఆమె ఎదుటే రెండోసారి పెట్టించుకుని తింది. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర పాలవాణ్ణి చూసి మొరిగింది. "అమ్మయ్య," అని నాగరత్నం ఏడుస్తూనే నవ్వింది. "మొరగనీ అండీ, పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమన్నా ఫరవాలేదు."

మధ్యాహ్నం కంచాలు అందరివీ ఒకేసారి పడ్డాయి. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకుంటున్నారు. మహలక్ష్మమ్మకి ఇంకా అలవాటు కాక కొడుకు కంచం వైపు చూస్తూనే ఉంది. సాయంత్రం శ్రీకర్ వస్తే సంతకాల సంగతి ఏం చెయ్యాలన్న మాట ఫణీంద్ర ఎత్తలేదు. ఎత్తడానికి భయపడుతున్నాడని అందరికీ తెలుస్తూనే ఉంది.

హైమవతి పెరుగు కలుపుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

"శ్రీకర్‌గారికి పొద్దున ఫోన్ చేశాను. మూలం ఇవ్వనని చెప్పేశాను. రావద్దన్నాను."

ఇంకాస్త పెరుగు వేసుకుని కలిపింది.

"నా దగ్గర నేర్చుకెళ్ళిన కుక్కలన్నిటినీ మళ్ళీ పిలుస్తాను. వాటన్నిటికీ అయ్యేదాకా కొత్తవాటిని చేర్చుకోం. ఈసారి పట్టీ నేను కట్టుకోను. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కట్టుకుంటారు. రోజుకో ఇంటావిడని భోజనానికి పిలుద్దాం. ఆవిడ ముందు తింటుంది."

పెరుగు గిన్నె అత్తగారి వైపు జరిపింది.

"వంట నేను చేస్తాను. వడ్డన మీ అబ్బాయి నేర్చుకుంటారు."